గంధపు గిన్నె, నల్లపూస, కొయ్యగంటె

ఒక యింటి వస్తువులను చూచి ఆ యింటివారి మతమును చెప్పవచ్చునని పెద్దలందురు. గోడమీది పటము, గూటిలోని దీపము, ద్వారబంధమునకు కట్టిన తోరణము, గడపకు రాచిన పసుపు, ఇవన్నియు సాక్ష్యములే. కాని నెల్లూరు మండలపు పడమటి భాగమున, ఉదయగిరి ఆత్మకూరు ప్రాంతములలో, ఈ పరీక్ష తఱచు తప్పుదారి పట్టించును. అచ్చట తులసికోట గల యింటి పిల్లవాని మొలత్రాటికి దర్గా తాయెత్తు వ్రేలాడుచుండును. ప్రార్థనకై చర్చికి పోవు ఇల్లాలి మెడలో తాళిబొట్టు మెఱయుచుండును. రేషను కార్డుమీద మస్తానమ్మ యని యున్నంతమాత్రమున ఆమె ముస్లిము అని తలపరాదు. ఇదే జిల్లాలోని కసుమూరు దర్గాలో మస్తాన్ వలీకి మ్రొక్కుకొని కన్నబిడ్డలకు మస్తానయ్య యనియు మస్తానమ్మ యనియు పేరు పెట్టుకొన్న హిందూ కుటుంబములు ఈ సీమలో ఎన్నియో గలవు.

మతసామరస్యమను పెద్దమాటను సభలలో విని విని మనకు కొంత విసుగు పుట్టినమాట నిజము. ఆ మాటను సభలకే విడిచి, మన సోదరీమణులు దినదినము చేతితో ముట్టుకొను వస్తువులను కొన్నింటిని ఇచ్చట చూడదలచితిమి.

మొదట ఊరిని గూర్చి రెండు మాటలు. ఉదయగిరి దుర్గము 3,079 అడుగుల కొండ. గజపతుల వశమున నుండిన ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, పట్టు విడువక నిలిచి, 1514లో గెలుచుకొనెను. గెలిచి యూరకుండక ఇచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించెను. హంపిలో ఆ గుడి నేటికిని గలదు. విగ్రహము మాత్రము చెన్నపట్టణపు మ్యూజియమునకు చేరినది. తరువాతి కాలమున ఉదయగిరి కొండమీద మసీదులును వెలసినవి. అందొకదానిలోని పారసీక శాసనములు షేక్ హుసేను అను నాతడు మసీదు కట్టించి చేరువనే తోట వేయించెనని తెలుపుచున్నవి. రాజు దేవుని వస్తువును ఒకచోటినుండి మఱియొక చోటికి తరలించినచో దానిని విజయమని శాసనమున చెక్కింతురు. ఒక యింటి గంధపు గిన్నె ప్రక్కయింటికి పోయినచో ఏ శాసనమును పుట్టదు. మనకు ఇచ్చట కావలసినది ఈ రెండవ చరిత్ర.

గంధమునే తీసికొందము. పేరంటమునకు వచ్చిన ముత్తయిదువకు పాదములకు పసుపు రాచి, నుదుట కుంకుమ నుంచి, మెడకు గంధము పూయుట మన యాచారము. ఆత్మకూరు చేరువనున్న అనుమసముద్రముపేటలో, జనులు ఏ.యస్.పేట యని పిలుచు ఊరిలో, ఈ గంధమే మఱియొక రూపమున పూజ్యమగుచున్నది. 18వ శతాబ్దమునకు చెందిన ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ అను సూఫీ గురువునకు ఉదయగిరిలో జ్ఞానోదయమైనదని చెప్పుదురు. ఆయన దర్గా ఏ.యస్.పేటలో నున్నది. అమ్మాజాన్ అని భక్తులు పిలుచుకొను హబీబా ఖాతూను పేరును అచ్చట ఆయన పేరుతోపాటే స్మరింతురు. రబీ ఉల్ అవ్వల్ మాసమున జరుగు గంధమహోత్సవమునాటి రాత్రి గంధమును ఊరేగింపుగా తెచ్చి సమాధులకు సమర్పించి భక్తులకు పంచుదురు. దానిని చెంగున ముడివేసికొని పోవు వారిలో బొట్టు గలవారెందఱు, లేనివారెందఱు అని లెక్కించుట వృథాశ్రమ. చక్కెరతో చదివింపులు చేయించుటయు, సాంబ్రాణి ధూపము పట్టించుకొనుటయు అందఱును చేయుదురు. పసిబిడ్డకు తలంటిపోసి మన అమ్మమ్మలు వేయు సాంబ్రాణియే అది. ఆ బంక మన అడవిలో పుట్టినదియు కాదు. సుమత్రా మొదలగు ప్రాంతముల చెట్లనుండి ఓడలెక్కి వచ్చి, గుడి, దర్గా, ఉయ్యాల అను భేదము లేక పొగయై వ్యాపించినది.

ఈ దర్గాను గూర్చి వ్రాయునపుడు ఒక మాట దాచుట తగదు. మనసు చెదరినవారిని, గాలి సోకినదని ఇంటివారు తలచిన స్త్రీలను, ఇట్టి చోట్లకు తెచ్చి దినములకొలది ఉంచుట మన దేశమున చిరకాలముగా నున్నది. తమిళనాట ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీన అగ్నిప్రమాదము సంభవించినపుడు, గొలుసులతో కట్టబడియుండిన 28 మంది రోగులు కదలలేక మరణించిరి. మానసిక రోగిని ఏ విధముగనైనను గొలుసులతో బంధించుట 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము నిషిద్ధము. కాబట్టి సోదరీమణులారా, మీకు నమ్మకమున్నచో తాయెత్తు కట్టుడు, గంధము పూయుడు, మేము వలదనము. కాని అదే దినమున బిడ్డను వైద్యునికి చూపుడు. తాయెత్తు గల చేతికి సూదిమందు పనిచేయదని ఏ గురువును చెప్పలేదు.

ఇక మెడలోని వస్తువు. నల్లపూసలు హిందూ స్త్రీల సొత్తని మనము తలతుము. దక్కను ముస్లిముల పెండ్లిలో వధువునకు కట్టు లచ్ఛా యను హారమును చూచినవారు ఆ తలంపు మార్చుకొందురు. అదియు బంగారముతో కూర్చిన నల్లపూసల పేరే. దానిని తీయుట అశుభమను భావమును మనవారి వలెనే వారికిని గలదు. ఇది అరబ్బు దేశమునుండి వచ్చిన ఆచారము కాదు, ఈ నేల యాచారము. క్రైస్తవులలో పాదిరి తాళిని ప్రార్థనతో దీవించి యిచ్చిన పిమ్మట వరుడు కట్టుటయు గలదు. ఆ బొట్టుమీద శిలువ గుర్తుండును. ఉంగరమే చాలునన్న సంఘములు లేకపోలేదు. అయినను మన క్రైస్తవ సోదరీమణులలో అనేకులు తాళిని వదలలేదు. ఇంట తెలుగే మాటాడు దూదేకులవారి కుటుంబములలోనైతే పేర్లు, పెండ్లి తంతులు రెండు వైపులనుండియు కలిసియుండును. ఈ మెడలన్నిటిని వరుసగా నిలిపి చూచినచో, పెండ్లియైన స్త్రీ మెడ బోసిగా నుండరాదను నియమము మూడు మతములవారికిని ఎట్లు అబ్బెనో తెలియును. ఆ నియమము మంచిదా, మగవానికి లేని గుర్తు ఆడుదానికేల అను ప్రశ్న వేఱు. అది మూడిండ్లలోను అడుగదగినదే.

క్రైస్తవుల మాట వచ్చినది గనుక అమెరికా ప్రసంగమును రాక తప్పదు. అమెరికా బాప్టిస్టు మిషనువారు 1840లో నెల్లూరు చేరిరి. ఎంత కాలమునకును సంఘము పెరుగకపోగా, 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఈ మిషనును మూసివేయుదమా యను చర్చ పుట్టెను. పటములో ఒంటిగా నున్న నెల్లూరు చుక్కను గూర్చి సామ్యూల్ స్మిత్ అను కవి పద్యము వ్రాసి చదివించెననియు, మూసివేయు తలంపు ఆగిపోయెననియు చరిత్ర. నాటినుండి దీనికి ఒంటి నక్షత్రపు మిషనని పేరు. పిదప 1885లో ఉదయగిరిలోను, 1893లో ఆత్మకూరులోను వారి స్థావరము లేర్పడినవి. ఆ నక్షత్రమునకును, నేడు డిసెంబరు మాసమున క్రైస్తవుల ముంగిళ్ళలో వ్రేలాడు కాగితపు నక్షత్రమునకును చుట్టరికము లేదు గాని, దానిని చూచునపుడు ఈ కథ గుర్తుకు రాక మానదు. అదే నెలలో ధనుర్మాసపు ముగ్గులు వీధి పొడుగునను పరచుకొనును. ఒక వాకిట గొబ్బెమ్మ, ప్రక్కవాకిట చుక్కలు కలిపి తీర్చిన నక్షత్రము. పిండి ఒకటే, చుక్కల లెక్క ఒకటే.

ఆ మిషనరీలను పంపిన అమెరికా ఒకే మతపు దేశమని మనవారనేకులు అనుకొందురు. అట్లు కాదు. వాషింగ్టనులోని జాతీయ అమెరికా చరిత్ర మ్యూజియమువారు 2017లో ఆ దేశపు తొలినాళ్ళ మతజీవనమును వస్తువుల మూలమున చూపు ప్రదర్శన నొకదానిని తెరచిరి. జార్జి వాషింగ్టనునకు శిశువుగా జ్ఞానస్నానమునాడు తొడిగిన వస్త్రము, జెఫర్సను తనకు నచ్చిన వాక్యములను కత్తిరించి అంటించుకొన్న సువార్త పుస్తకము అందుండెను. వానితోపాటే జార్జియా రాష్ట్రపు సపెలో దీవిలో బానిసయై బ్రదికిన బిలాలీ ముహమ్మదు అను ఆఫ్రికావాడు అరబ్బీ లిపిలో వ్రాసికొన్న 13 పుటల చిన్న గ్రంథమును ఉంచిరి. ఒడలు అమ్ముడుపోయినను ఆ మనుష్యుడు తన మతమును కాగితములలో దాచుకొనెను. నేడు ఆ దేశమందలి తెలుగు ఇండ్లలో కొన్నింట, దసరాకు బొమ్మల కొలువు పెట్టిన మూలనే డిసెంబరునాటికి క్రిస్మసు చెట్టు నిలుచుచున్నది. పిల్లల ముచ్చటకని తల్లులు చెప్పుదురు. పిల్లల ముచ్చటలతోనే ఆచారములు మారుచుండునని వారికిని తెలియును.

ఆ అమెరికా నెల్లూరి చెరువులోనికిని వచ్చినది. మొహరము మాసమున నెల్లూరు బారాషహీదు దర్గాచెంత, స్వర్ణాల చెరువులో జరుగు రొట్టెల పండుగకు ఉదయగిరి, ఆత్మకూరు వైపునుండియు స్త్రీలు మూటలు కట్టుకొని పోవుదురు. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేయగా, గట్టున నిద్రించిన చాకలి స్త్రీకి కలలో పండ్రెండుగురు అమరవీరులు కనబడి తమ సమాధుల మట్టిని నుదుట పెట్టుమని చెప్పిరనియు, రాణికి నయమైనదనియు కథ. చాకలివనిత కలను నవాబు నమ్మెనను మాటయే ఈ కథలో మాకు నచ్చినది. కోరిక గలవారు చెరువునీట నిలిచి, తలపై కొంగు కప్పుకొని, కోరిక తీరినవారి చేతినుండి రొట్టె పుచ్చుకొందురు. తమకు తీరిన పిమ్మట మఱుసటి యేడు రొట్టెతో వచ్చి వేఱొకరికి ఇత్తురు. పెండ్లి రొట్టె, సంతానపు రొట్టె, ఆరోగ్యపు రొట్టె, చదువు రొట్టె అని పేర్లు. ఇటీవల వీసా రొట్టెయు పుట్టినది. కొడుకు అమెరికా ప్రయాణమునకై నడుములోతు నీట నిలిచి రొట్టె యడుగు తల్లికి, ఇచ్చు చేయి ఏ మతపుదో చూచుకొను తీరిక యుండదు.

తుదకు వంటింటికి వచ్చెదము. ఉదయగిరి కొయ్యగంటెలు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులు. చుట్టుప్రక్కల అడవులలో దొరకు నర్ది, కల్ది, బిక్కి, దేవదారి మొదలగు చెక్కలతో చెంచాలు, గంటెలు, ముళ్ళచెంచాలు, పళ్ళెములు చేయుదురు. పనివారు ముఖ్యముగా ముస్లిము కుటుంబములవారు. అందు స్త్రీలు చాలమంది. చెక్కను కోసి, తొలిచి, ఆకురాయితో రాపిడిచేసి, గరుకు కాగితముతో నునుపు తేల్చుట ఓర్పు గల పని. పిడులమీది తీగెలలో పారసీకపు పోకడ యున్నదందురు. చేతితో తినువారమైన మనకు ముళ్ళచెంచా అంతగా పనికిరాదు గాని, గంటె సంగతి వేఱు. ఊరగాయ జాడీలో ఇనుప గరిటె వేయరాదని, ఉప్పును పులుపును లోహమును తినునని మనకు తెలియును. కావున జాడీకి కొయ్యగంటెయే తగినది. ఇందొక విచిత్రము గలదు. మడి కట్టుకొని, తడి తగులకుండ, పిల్లలను దూరముగా నిలిపి జాడీ మూత తీయు ముత్తవ్వ, ఆ ఊరగాయలోనికి దించునది నమాజు చేయు చేతులు చెక్కిన గంటెను. ఆమె దానిని కడిగి యెండబెట్టినది. మడికి అంతటితో సరిపోయినది. అదే గంటెతో ప్రక్కయింటివారికి ఒక ముక్క తీసి పెట్టుటకు మాత్రము పూర్వము ఎన్ని నియమములుండెనో మన పెద్దవారిని అడిగినచో చెప్పుదురు. వస్తువు దాటిన గడపను మనిషి దాటుటకు చాల కాలము పట్టినది. కొన్ని ఊళ్ళలో ఇంకను దాటవలసియున్నది.

ఈ పనికి చిక్కులు లేకపోలేదు. చెక్క అడవిలోనిది గనుక చిత్తము వచ్చినట్లు కొట్టరాదు, కొట్టనిచో పని సాగదు. సంతలో చవుకగా దొరకు ప్లాస్టికు గరిటెతో చేతిపని వెలలో పోటీపడలేదు. చీర కొనునపుడు వేలు లెక్కచేయని మనము కొయ్యగంటె వద్ద పది రూపాయలకు బేరమాడుట న్యాయముగా లేదు. ఆ పది రూపాయలు ఇంటిపట్టున కూర్చుండి సంపాదించుకొను ఒక స్త్రీ చేతిలోనివి. ఆమె కూతురు ఈ పని నేర్చునా, విడుచునా యనునది ఆ పదింటిమీద కొంత ఆధారపడియున్నది.

కొన్నవారికి రెండు సూచనలు. కొయ్యగంటెను రాత్రియెల్ల నీట నానవేయరాదు. చెక్క ఉబ్బి చీలును. వాడినవెంటనే కడిగి, గుడ్డతో తుడిచి, నీడను ఆరబెట్టవలెను. నెలకొకమారు కొబ్బరినూనె పలుచగా రాచి ఒక రాత్రి ఉంచినచో నిగ్గు నిలుచును. పులుసు వాసన పట్టినచో ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్ది కడుగవలెను. బాగుగా ఆరిన పిదపనే తిరిగి జాడీలో వేయుడు. తడి యున్నచో ఊరగాయ బూజు పట్టును.