గూళ్ళ హారాల ఆన్‌లైన్ అంగడి: అడుగున చెయ్యి పెట్టి చూసేదెట్లా?

పోయిన నెల గ్రూపులో నలుగురైదుగురు అడిగినారు, "మీ పాప పెట్టిన ఆన్‌లైన్ అంగడి ఎట్లా నడుస్తా ఉంది, మేమూ పెట్టొచ్చా?" అని. రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఈసారి పేజీ నేనే అడిగి తీసుకున్నాను. మొదట మేము చేసిన తప్పులు, తర్వాత వాటిని దిద్దుకున్న తీరు రాస్తున్నా.

కొత్తవాళ్ళకు ముందుగా ఒక మాట. రీలింగు గూళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టేదానికి లేదు. మన కర్ణాటకలో 1959 చట్టం ఉంది, గూళ్ళు సర్కారు మార్కెట్‌లోనే అమ్మాల. మా పాప అమ్మేది హారాలు, గోడకు తగిలించే తోరణాలు. రెక్కల పురుగు బయటికి వచ్చినాక మిగిలిన కన్నం గూళ్ళను గ్రైనేజీ నుంచి కొని చేస్తారు. బైవోల్టిన్ గూటిలో తెగని దారం వెయ్యి మీటర్ల దాకా వస్తుంది, కన్నం పడితే ఆ దారం ముక్కలైపోతుంది, రీలరుకు పనికిరాదు. హారానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. మన పక్క సన్మానం అంటే గూళ్ళ హారం వెయ్యకుండా జరగదు కదా.

మా ఇంటామె, ఇంకా ఐదుగురు ఆడవాళ్ళు కలిసి సంఘంలో నలభై వేలు అప్పు తీసుకున్నారు. నూట నలభై హారాలు కట్టినారు. టౌనులో వెబ్‌సైట్లు చేసే ఒక కుర్రాడితో అంగడి చేయించినాము. నాలుగు నెలల్లో అమ్మినవి తొమ్మిది. అందులో నాలుగు మా చుట్టాలే కొన్నారు. హారాలన్నీ చాకీ గదిలో వేలాడతా ఉండినాయి. కన్నం గూళ్ళు ఊరికే పెట్టుకుంటే పెంకు పురుగు పడుతుంది, ఆ పురుగు మన గూళ్ళ మీదికి కూడా వస్తుంది. ఇంటామె ఒకరోజు తేల్చి చెప్పేసింది: "ఏమయ్యా, వచ్చే పంటకు చాకీ తెచ్చేలోపల గది ఖాళీ కావాల. లేదంటే ఉన్నకాడికి అమ్మేసి సంఘం అప్పు కట్టేస్తాము."

ఆ వారమే గూళ్ళు వేసుకుని శిడ్లఘట్ట మార్కెట్‌కు పోయినాను. వేలం మొదలయ్యేదానికి టైముంది. ఇరవై ఏండ్లుగా తెలిసిన రీలరు ఒకాయన పక్కన నిలబడి ఉంటే ఫోను తీసి అంగడి చూపించినాను. పేజీ తెరుచుకునేదానికే చానా సేపు పట్టింది. అయ్యాక ఆయన వేలితో పైకీ కిందికీ జరిపి, "అన్నా, రేటెక్కడ ఉంది? హారం ఎంత పొడుగు? లోపల మరక ఉందా లేదా ఎట్లా తెలుసుకునేది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన నవ్వి, నా లాటులోనే అడుగుదాకా చెయ్యి పెట్టి నాలుగు గూళ్ళు తీసి వేళ్ళతో నొక్కి చూసినాడు. "పైన పేర్చినవి చూసి నేనెప్పుడైనా పాట పాడినానా?" అన్నాడు.

ఇంటికొచ్చి పాపతో ఇదే చెప్పినాను. కొనేవాడికి ఫోనులో చెయ్యి పెట్టేదానికి వీలు కాదు. ఆ చెయ్యి చేసే పని ఫోటో చెయ్యాల, రేటు చెయ్యాల, కింద రాసిన రాత చెయ్యాల. మా అంగడిలో ఈ మూడూ చెయ్యడం లేదు.

మొదట ఫోటోలు. తెరవంగానే నెట్‌లోంచి తెచ్చిన మల్బరీ తోట బొమ్మ, దాని వెనక ఇంకో రెండు బొమ్మలు, ఒకదాని తర్వాత ఒకటి జరుగుతా ఉండేవి. ఒక్కొక్కటి ఐదు ఎంబీ. పాప గూగుల్ వాళ్ళ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనేదాంట్లో అంగడి అడ్రసు వేసి చూసింది. అది ఫ్రీనే, ఫోనులో పేజీ ఎంత నెమ్మదో, ఏ బొమ్మ వల్ల నెమ్మదో చెప్పేస్తుంది. మూడు బొమ్మలూ తీసేసినాము. ఇప్పుడు తెరవంగానే కనిపించేది ఒక్కటే: హారం వేసుకుని నిలబడిన నేను. సిగ్గుగానే ఉంది గానీ, మనిషి మెడలో ఉంటే కదా పొడుగెంతో తెలిసేది. కింద రేటు, ఆ కింద కొనే బటను. వేలు జరపకుండానే మూడూ కనిపిస్తాయి.

హారం పేజీలో ఇంకా నాలుగు ఫోటోలు పెట్టినాము. గూడు పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఒకటి, వెనక ముడి ఒకటి, గూడు లోపలి పక్క ఒకటి. నాలుగోది లేత మరక ఉన్న గూడు. మరక గూడు పెట్టేదానికి పాప ఒప్పుకోలేదు, "నాయినా, మన సరుకును మనమే చెడ్డగా చూపిస్తామా?" అనింది. హారంలో అట్లాంటి గూళ్ళు రెండు మూడు ఉండొచ్చని రాసి, ఫోటో పెట్టించినాను. అది పెట్టినాక మరక ఉందని ఫోను చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఫోటోలన్నీ పొద్దున ఏడు గంటలకు షెడ్డు తూర్పు కిటికీ దగ్గర తీసినవే. ట్యూబులైటు కింద తీస్తే తెల్ల బైవోల్టిన్ కూడా మైసూరు జాతి గూడు మాదిరి పచ్చగా పడుతుంది.

రేటు సంగతిలో మాకు గట్టి దెబ్బే తగిలింది. హారం మూడు వందల యాభై అని రాసి, డబ్బు కట్టే ఆఖరి పేజీలో పోస్టేజీ తొంభై కలిపేవాళ్ళము. బుట్టలో వేసుకున్నవాళ్ళు ముప్ఫై ఒక్కమంది, డబ్బు కట్టినవాళ్ళు నలుగురు. ఇది మా ఒక్కరి గొడవ కాదంట, ప్రపంచమంతా ఆన్‌లైన్ అంగళ్ళలో బుట్టలో వేసుకున్న పది మందిలో సుమారు ఏడుగురు కొనకుండానే పోతారంట. చివర్లో పడే అదనపు ఖర్చే అందులో పెద్ద కారణం. మార్కెట్‌లో పాట అయిపోయినాక ఇంకో తొంభై కట్టమంటే రీలరు ఊరుకుంటాడా?

పోస్టేజీ కలిపి నాలుగు వందల నలభై అని పైనే రాసినాము. అమ్మకం పెరిగింది, ఇంకో చిక్కు కూడా వచ్చింది. పది హారాలు కావాలన్న ఒక సభ వాళ్ళు, పది పోస్టేజీలు మేమెందుకు కట్టాలని అడిగినారు. న్యాయమే కదా. ఇప్పుడు ఒకటికి, ఐదుకు, పదికి వేరు వేరు రేట్లు ఒకే పట్టీలో రాసినాము. హారాలు ఎక్కువ పోయేది సభలకే అని మాకు తెలిసింది కూడా అప్పుడే. ఆ పట్టీ లేకపోతే ఆ గిరాకీ మాకు కనిపించేదే కాదు.

కొనేముందు అకౌంటు తెరవాలి, పాస్‌వర్డు పెట్టుకోవాలి అనే పేజీ ఒకటి ఉండేది. దాన్ని తీసేసినాము. పేరు, అడ్రసు, పిన్‌కోడు, ఫోను నంబరు, తర్వాత యూపీఐ, అంతే. మా పేరు, ఊరు, ఫోను నంబరు, సరుకు వాపసు సంగతి ప్రతి పేజీ కింద పెట్టినాము. 2020లో కేంద్రం తెచ్చిన ఈ-కామర్స్ రూల్సులో కూడా ఇవి చూపించాలనే ఉంది.

ఆ కుర్రాడు ఇంకో పని చేసి పెట్టినాడు. ప్రతి హారం పక్కన ఎర్ర అక్షరాలతో "ఇంక రెండే మిగిలినాయి" అని, పక్కన గడియారం తిరుగుతా ఉండేది. గదిలో నూటముప్ఫై హారాలు వేలాడతా ఉంటే రెండే అని చెప్పడమేంది? ఇట్లాంటి దొంగ తొందర పెట్టకూడదని 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్ మీద కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. తీసేయమంటే, అందరూ పెట్టేదే కదా అన్నాడు. తీసేయించినాము.

మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది ఒక్క మాట మీద. బెంగళూరు నుంచి ఫోను చేసేవాళ్ళు మొదట అడిగేది, "పురుగును చంపినారా?" అని. పాప పెద్ద అక్షరాలతో "అహింసా హారం" అని రాస్తానంది. రాస్తే అమ్మకం పెరిగేది, నాకూ తెలుసు. అయితే గ్రైనేజీ సంగతి మనకు తెలియనిది కాదు. గుడ్లు పెట్టినాక తల్లి పురుగును నూరి, పెబ్రిన్ ఉందా లేదా అని మైక్రోస్కోపు కింద చూస్తారు. ఆ పరీక్ష లేకపోతే మన పంటలు నిలవవు. అట్లాంటప్పుడు ఆ మాట ఎట్లా రాసేది? రెండు రోజులు పాప నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి "రెక్కల పురుగు తనంతట తాను బయటికి వచ్చినాక మిగిలిన గూళ్ళు" అని మాత్రం రాసినాము. ఇంకా అడిగినవాళ్ళకు ఫోనులో ఉన్నది ఉన్నట్టు చెప్తాము. కొందరు వద్దనే అంటారు.

రంగులు మార్చడం, అక్షరాలు మార్చడం కూడా చేసినాము. దాని వల్ల పెరిగింది ఏమీ కనపడలేదు. ముప్ఫై ఎనిమిది రకాలు పెట్టినవాళ్ళము ఆరుకు తగ్గించినాము. ఇది మాత్రం పని చేసింది, హారం కోసం వచ్చినవాళ్ళు హారమే చూస్తున్నారు.

ఇదంతా చేసి మూడు నెలలైంది. నూట నాలుగు హారాలు పోయినాయి, అందులో అరవై సభలకే. ఆడవాళ్ళకు కూలి ముట్టింది, సంఘం అప్పు సగం తీరింది. చాకీ గది ఖాళీ అయింది, మొన్న సోమవారం చాకీ తెచ్చినాము.

తెగనిది ఒకటి ఉంది. పార్శిల్‌లో గూళ్ళు నలిగిపోయి పది హారాల్లో ఒకటి వాపసు వస్తా ఉంది. అట్ట పెట్టెలో పేపరు ముక్కలు నింపి చూసినాము, చాలలేదు. గట్టి పెట్టె పెడితే బరువు పెరిగి పోస్టేజీ రెట్టింపు అవుతుంది. హోసూరు పక్క, ధర్మపురి పక్క హారాలు పంపే అక్కలు గ్రూపులో ఉన్నారని విన్నాను. మీరు ఎట్లా కట్టి పంపుతారో ఒక ఫోటో తీసి పెట్టండి అక్కా.