కొన్న వస్తువు అందకపోతే

షోలాపూరు విడీ ఘర్కుల్‌లో బీడీలు చుట్టి జీవించే తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. అలా కూడబెట్టిన సొమ్ముతో ఆన్‌లైన్‌లో కొన్న చీర ఇంటికి చేరలేదనుకోండి. అప్పుడేం చేయాలి?

వ్యాపారానికి కాక సొంత వాడకానికి వస్తువు కొన్న ప్రతివారూ వినియోగదారులే. వారి రక్షణకు 1986లో చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 నాటి చట్టం 2020 జూలై నుండి అమలవుతున్నది. 2020 నాటి నియమాల ప్రకారం ఆన్‌లైన్ వ్యాపార సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఫిర్యాదు అందినట్లు ఆ అధికారి 48 గంటలలో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి.

అప్పటికీ న్యాయం జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అమ్మినవారు ఏ ఊరివారైనా, కొన్నవారు తమ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకపోతే రుసుము లేదు. అయితే సాక్ష్యం కావాలి. కనుక ఆర్డరు సంఖ్యను, డబ్బు చెల్లించిన రసీదును భద్రపరచుకోవాలి.