ప్రయాణికుని యెన్నిక

ఉద్దానపు పల్లెనుండి సోంపేటకో పలాసకో పోవలసిన మనుష్యుడు బస్సుకై కాచియుండునా, ఆటో నెక్కునా? ఇది అల్పప్రశ్నగా తోచవచ్చును. కాని యిట్టి ప్రశ్నలను శోధించు పద్ధతి నేర్పరచినందులకే అమెరికా అర్థశాస్త్రవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ గారికి 2000లో నోబెల్ బహుమానము లభించినది.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున 1972లో నూతన రైలుమార్గము తెరువబడకమునుపే ఆయన ప్రయాణికుల యలవాట్లను పరిశీలించెను. ఖర్చు, ప్రయాణకాలము, నడక, నిరీక్షణము, వీనిలో దేనికి ప్రజలు మనసులో నెంత తూకము వేయుదురో గణించెను. పనికి పోవువారిలో నూటికి 15 మంది ఆ రైలెక్కుదురని అధికారుల అంచనా, 6.3 అని ఆయన గణన. తుదకు తేలినది 6.2.

ఇందు మనకొక పాఠము కలదు. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణ ముచితము. సంతోషమే. అయినను బస్సు రాని యూరికి ఆ యుచిత మెట్లు చేరును? గంటసేపు రోడ్డుపై నిలుచుటయు ఖర్చే. పలాసలో 2023 డిసెంబరున ప్రారంభమైన 200 పడకల మూత్రపిండవ్యాధుల ఆసుపత్రికి డయాలిసిస్‌కై మాటిమాటికి పోవు రోగికి ఆ ఖర్చు మరింత భారము. అట్టివాడు ఆటో నెక్కినచో బస్సు అక్కరలేదని యర్థము కాదు. వేళకు బస్సు లేదని యర్థము.

కావున బస్సుల దారులను నిర్ణయించువారు టికెట్ల లెక్కను మాత్రమే చూచిన చాలదని మా యభిప్రాయము. ఎక్కనివారిని గూడ అడుగవలెను: ఎంత దూరము నడిచితిరి? ఎంతసేపు నిలిచితిరి? సోంపేట, కవిటి, కంచిలి మండలముల పల్లెలలో మొదట నీ లెక్క తీయుదురు గాక. బస్సువేళలు పిదప నిర్ణయింతురు గాక.