పాత వ్యాను పెట్రోలు ఎక్కువ తాగుతోందా? ఆక్సిజన్ సెన్సారు చూడండి

కూరగాయలు, పూలు, పాల క్యాన్లు మార్కెట్టుకు చేరవేయడానికి పాత ఓమ్ని వ్యానో, మారుతి 800 కారో కొనుక్కున్న రైతులు ఉన్నారు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 11కు దిగిందనుకోండి. రానుపోను 60 కిలోమీటర్లకు 4 లీటర్ల బదులు దాదాపు ఐదున్నర లీటర్లు పోతుంది. వారానికి మూడు ట్రిప్పులు వేస్తే నాలుగున్నర లీటర్లు దండగ. కూరల మీద మిగిలేది కాస్తా పొగగొట్టంలో పోతుంది. ఇందుకు ఒక కారణం ఆక్సిజన్ సెన్సారు పాడవడం.

ఇది ఏం చేస్తుంది?

ఎం.పి.ఎఫ్.ఐ. ఇంజన్లలో ఇంజను నుంచి పొగ బయటికొచ్చే గొట్టానికి ఈ సెన్సారు బిగించి ఉంటుంది. కార్బురేటరు బండ్లకు, పాత డీజిలు బండ్లకు ఇది ఉండదు. కిలో పెట్రోలు సరిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను సెన్సారు కనిపెట్టి, బండిలోని కంప్యూటర్‌కు చెబుతుంది. ఆక్సిజన్ ఎక్కువుంటే కంప్యూటర్ పెట్రోలు పెంచుతుంది, తక్కువుంటే తగ్గిస్తుంది. సెన్సారు తప్పు చెబితే ఈ లెక్కంతా తప్పుతుంది. మైలేజీ పడిపోతుంది, నల్లపొగ వస్తుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, ఇంజను దీపం వెలుగుతుంది.

కొనేముందు పరీక్ష

ఈ గుర్తులు కనిపించగానే కొత్త సెన్సారు కొనకండి. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, ఇంజెక్టరు కారుతున్నా నల్లపొగ వస్తుంది. సెన్సారుకు ముందు పొగగొట్టం చిట్లితే బయటిగాలి లోపలికి చేరి సెన్సారును మోసం చేస్తుంది. ఎలుకలు వైరు కొరికాయేమో కూడా చూడాలి.

ఆటో ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించండి. ఇంజను వేడెక్కాక సెన్సారు రీడింగు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా పైకీ కిందికీ ఆడాలి. పైనే నిలిచిపోతే, ఇంజను గాలి పీల్చే చోట ఒక సన్న గొట్టాన్ని క్షణకాలం ఊడదీయించండి. రీడింగు వెంటనే పడిపోతే సెన్సారు పనిచేస్తున్నట్టే, లోపం వేరేచోట ఉంది. కదలకపోతేనే మార్చాలి.

మార్చే పద్ధతి

1. బండిని చదునైన చోట నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టండి. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరవద్దు.

2. గొట్టం గోరువెచ్చగా ఉన్నప్పుడు మరలు తేలిగ్గా వదులుతాయి. కాలేంత వేడి మాత్రం ఉండకూడదు.

3. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, సెన్సారు ప్లగ్గును నొక్కిపట్టి విడదీయండి. వైరు పట్టుకుని లాగవద్దు.

4. మరల దగ్గర తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. సాధారణంగా 22 నంబరు పానా సరిపోతుంది. ఎడమవైపుకు తిప్పాలి. కదలకపోతే మొండిగా తిప్పకండి. గొట్టంలోని మరలు పాడైతే ఖర్చు రెండింతలవుతుంది. అప్పుడు షెడ్డుకు వెళ్లడమే మేలు.

5. మీ బండి మోడలుకు సరిపడే సెన్సారే కొనండి. కింద పడేయవద్దు, కొనను వేలితో తాకవద్దు, నూనె, గ్రీజు అంటనివ్వద్దు. మరలకు పట్టేయకుండా రాసే పేస్టు చాలావాటికి ముందే ఉంటుంది. లేకుంటే మరలకు మాత్రమే కొద్దిగా రాయండి.

6. ముందు చేత్తో తిప్పి, మర సరిగా ఎక్కాకే పానాతో బిగించండి. వైరు గొట్టానికి తగలకుండా కట్టి, ప్లగ్గు పెట్టి, బ్యాటరీ వైరు బిగించండి.

వైరు కోసి అతికే పని పెట్టుకోవద్దు. చాలా సెన్సార్లకు వైరు లోపలి నుంచే బయటిగాలి అందుతుంది, అతికితే ఆ దారి మూసుకుపోతుంది.

జాగ్రత్తలు

ఇంజను ఆయిలు మండి నీలిపొగ వస్తుంటే ముందు దాన్ని బాగుచేయించాలి. లేకుంటే కొత్త సెన్సారూ త్వరగా మసిబారుతుంది. కిరోసిన్ కలిసిన పెట్రోలు వాడవద్దు. మార్చాక బండిని ఆరుబయటే స్టార్టు చేయండి. మూసిన షెడ్డులో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

దీపం ఆరకపోతే స్కానరు ఉన్న మెకానిక్ దగ్గర పాత కోడు తీయించుకోండి. ట్యాంకు నిండుగా కొట్టించి మైలేజీ ఎంత వస్తోందో రాసుకోండి. పెరగకపోతే తప్పు ఇంకెక్కడో ఉన్నట్టే.