మందు గొంతు దిగకముందే శరీరం చేసే పని

"మద్యం, గంజాయి రెండూ మానేసి రెండు నెలలు దాటింది. చేతుల వణుకు పోయింది, నిద్ర పడుతోంది, ఆకలి తెలుస్తోంది. అయినా పాత సందు మొదట్లోకి రాగానే ఒళ్లంతా లాగేస్తోంది. నా ఒంట్లో ఇంకా విషం మిగిలి ఉందా, లేక నా మనసే గట్టిది కాదా?" అని ఒక పాఠకుడు అడిగారు. రెండూ కావు. ఒంట్లో విషం లేదు, మనసులో లోపమూ లేదు. ఆ సందు మొదట్లో జరుగుతున్నది శరీరం ఎన్నో ఏళ్లు సాధన చేసి నేర్చుకున్న ఒక పని. ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకుంటే మానేసిన తొలి నెలల గురించి మనకున్న ఆలోచనే మారిపోతుంది. ఇది కొద్దిమందికి సంబంధించిన ముచ్చట కాదు. ఢిల్లీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో మద్యం తాగేవారు దాదాపు 16 కోట్లు. వారిలో సాయం అవసరమయ్యే స్థితికి చేరినవారే 5.7 కోట్లు. గంజాయి, చరస్, భంగు వాడేవారు మరో 3.1 కోట్ల దాకా ఉన్నారు.

ముందు ప్రాథమిక విషయాలు క్లుప్తంగా చూద్దాం. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనానికి మద్యం బలమిస్తుంది, ఉత్తేజపరిచే గ్లుటమేట్‌ను అణచివేస్తుంది. రోజూ తాగేవారి మెదడు దీనికి విరుగుడుగా గాబా పట్టు తగ్గించుకుని గ్లుటమేట్ జోరు పెంచుకుంటుంది. ఒక్కసారిగా మానేస్తే ఆ జోరు ఒంటరిగా మిగులుతుంది. వణుకు, చెమటలు, తొలి రెండు రోజుల్లో మూర్ఛ, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతిభ్రమ దాకా రావచ్చు. ఇవి ప్రాణాలు తీయగలవు కాబట్టి ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి. గంజాయిలోని టీహెచ్‌సీ మెదడులోని సీబీ1 గ్రాహకాల మీద పనిచేస్తుంది. రోజూ గంజాయి పీల్చేవారి మెదడు పై పొరలో ఆ గ్రాహకాలు సుమారు 20 శాతం తగ్గి ఉంటాయని, మానేసిన నాలుగు వారాలకు తిరిగి మామూలు స్థితికి వస్తాయని అమెరికా పరిశోధకులు 2012లో స్కానింగ్ ద్వారా చూపించారు. ఈలోగా చిరాకు, నిద్రలేమి, వింత కలలు, ఆకలి మందగించడం ఉంటాయి. తొలి వారంలో ఇవి ముదిరి, ఆ తర్వాత తగ్గుముఖం పడతాయి. అంటే పెద్ద మరమ్మతుల్లో చాలా భాగం మొదటి నెలలోనే అయిపోతుంది. మరి రెండు నెలల తర్వాత ఆ సందు మొదట్లో లాగుతున్నదేమిటి?

ఈ ప్రశ్నను శాస్త్రీయంగా మొదట పట్టుకున్నవాడు ఏబ్రహాం విక్లర్ అనే మానసిక వైద్యుడు. 1935లో అమెరికా ప్రభుత్వం కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో మత్తు బానిసల కోసం పెద్ద ఆసుపత్రి కట్టింది. నల్లమందు సంబంధిత మత్తులు మానిపించి, నెలల తరబడి లోపలే ఉంచి, ఆరోగ్యంగా బయటకు పంపేవారు. వెళ్లినవారిలో చాలామంది మళ్లీ అదే బాట పట్టేవారు. విక్లర్ 1940లలో అక్కడ ఒక విచిత్రాన్ని గమనించాడు. మందు ముట్టి నెలలైన రోగులు కూర్చుని పాత రోజుల మత్తు కబుర్లు చెప్పుకుంటుంటే కొందరికి ఆవలింతలు వచ్చేవి, కళ్లు నీరు కారేవి, ముక్కు కారేది. మందు ఆపిన మొదటి రోజుల్లో కనిపించే లక్షణాలే ఇవి. రక్తంలో మందు లేదు, కేవలం మాట ఉంది. శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగాల్లో గంట మోగగానే, తిండి రాకముందే కుక్కలకు లాలాజలం ఊరినట్టు, ఇక్కడ మందు రాకుండానే మందు లేమి బాధ మొదలవుతోందని విక్లర్ వాదించాడు. దాన్ని పట్టించుకున్నవారు అప్పట్లో తక్కువ. శరీరం శుభ్రమైతే జబ్బు నయమైనట్టేనన్న నమ్మకం అంత బలంగా ఉండేది.

విక్లర్ చూసినదానికి కొలత దొరికింది 1979లో, కెనడాలోని టొరంటోలో. మద్యం శరీర ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. లే, పౌలోస్, కాపెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎలుకలకు ఒక ప్రత్యేకమైన గదిలో మాత్రమే మద్యం ఎక్కిస్తూ వచ్చారు. రోజులు గడిచేకొద్దీ ఆ గదిలో వాటి ఒళ్లు చల్లబడటం తగ్గింది, అంటే మందుకు అలవాటు పడ్డాయి. అదే మోతాదు వేరే చోట ఇస్తే ఆ అలవాటు కనిపించలేదు. అసలు అద్భుతం ఆ తర్వాతి మెట్టులో ఉంది. అదే గదిలో మద్యం బదులు ఉత్త ఉప్పునీరు ఎక్కించినప్పుడు ఎలుకల ఒళ్లు వేడెక్కింది! మద్యం చల్లబరుస్తుందని తెలిసిన శరీరం ఆ గదిని చూడగానే ముందే ఎదురు చర్య మొదలుపెట్టింది. మందు రాలేదు కాబట్టి ఆ ఎదురు చర్య ఒక్కటే బయటపడింది. నిండు బిందె అనుకుని బలంగా ఎత్తితే అది ఖాళీదైనప్పుడు మనిషి వెనక్కి తూలతాడు. తూలడానికి కారణం బిందెలో లేదు, బరువు కోసం చేతులు ముందే కూడగట్టుకున్న బలంలో ఉంది. పాత సందులో ఒళ్లు లాగడం ఆ తూలడమే. గాబాను పెంచే మందు వస్తుందని శరీరం తనను తాను ఉద్రిక్తం చేసుకుంటుంది. మందు రాదు, ఉద్రిక్తత మిగులుతుంది. ఆ క్షణంలో మనిషికి కలిగేది కంగారు, చెమట, ఒక్క గుక్క పడితే సర్దుకుంటుందన్న నమ్మకం. ఆ నమ్మకం శారీరకంగా నిజం కూడా. అందుకే దాన్ని తర్కంతో ఓడించడం అంత కష్టం.

ఈ సూత్రాన్ని అందరికంటే దూరం తీసుకెళ్లినవాడు మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన షెపర్డ్ సీగల్. 1982లో ఆయన బృందం చేసిన ప్రయోగం వణుకు పుట్టిస్తుంది. హెరాయిన్‌కు అలవాటు పడ్డ ఎలుకలకు పెద్ద మోతాదు ఇచ్చారు. అలవాటైన చోట ఇస్తే సుమారు 32 శాతం చనిపోయాయి. అదే మోతాదు కొత్త చోట ఇస్తే 64 శాతం చనిపోయాయి. అంతకుముందు హెరాయిన్ ఎరగని ఎలుకల్లో 96 శాతం పోయాయి. మొదటి రెండు గుంపుల్లో మందు ఒకటే, ఎలుకల అనుభవం ఒకటే, మారింది గది మాత్రమే. తట్టుకునే శక్తి కేవలం కాలేయంలోనూ గ్రాహకాల్లోనూ ఉంటుందని చెప్పే పాత పాఠం ఈ లెక్క ముందు నిలవదు. మనుషుల్లోనూ దీని జాడ ఉంది. 1997లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనంలో ఒకే మోతాదు మద్యాన్ని అలవాటైన బీరుగా తాగినప్పటి కంటే, పిప్పరమెంటు రుచి ఉన్న నీలిరంగు పానీయంగా తాగినప్పుడు మత్తు ఎక్కువగా ఎక్కింది. బీరు రుచి తగలగానే శరీరం సిద్ధపడింది, తెలియని రుచికి సిద్ధపడలేదు.

ఇక అందరూ తప్పుగా చదివిన ఘట్టం వియత్నాం యుద్ధం. 1971లో అక్కడి నుంచి తిరిగివచ్చిన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు అధ్యయనం చేసింది. అక్కడ ఉన్నప్పుడు దాదాపు 20 శాతం మంది నల్లమందు సంబంధిత మత్తుకు బానిసలయ్యారు. ఇంటికొచ్చాక తొలి ఏడాదిలో ఆ బానిసల్లో మళ్లీ బానిసలైనవారు 5 శాతం, మూడేళ్లలో 12 శాతం మాత్రమే. కొందరు ఈ అంకెలనే నమ్మలేదు. మరికొందరు హెరాయిన్ అంత ప్రమాదకరం కాదన్నారు. రెండు వర్గాలూ అసలు విషయాన్ని వదిలేశాయి. లెక్సింగ్టన్ రోగులు మందు వాడిన వీధులకే తిరిగి వెళ్లారు. సైనికులు మందు వాడిన చోటును సముద్రాల అవతల వదిలి వచ్చారు. సొంత ఊళ్లో మందు ధర, దొరికే తీరు, భయాలు, కుటుంబం కూడా వేరు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఒక్క చోటు మార్పే అంతా చేసిందని ఈ అధ్యయనం నిరూపించదు. కానీ మానిన మనిషి ఎక్కడికి తిరిగి వెళ్తాడన్నది అతని మనోబలమంత ముఖ్యమైన ప్రశ్న అని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు.

నేర్చుకున్నది మరిచిపోవచ్చు కదా అంటారు. ఇక్కడే అసలు చిక్కు. గంట మోగించి తిండి పెట్టకుండా ఉంటే కుక్కకు లాలాజలం ఊరడం ఆగిపోతుందని, కొంత విరామం తర్వాత గంట మోగిస్తే మళ్లీ ఊరుతుందని పావ్‌లోవే గమనించాడు. పాత పాఠం చెరిగిపోలేదు, దాని మీద కొత్త పాఠం చేరింది. ఆ కొత్త పాఠం ఏ చోట నేర్చుకుంటే ఆ చోటుకే ఎక్కువగా కట్టుబడి ఉంటుందని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో మార్క్ బౌటన్ దశాబ్దాల పాటు ప్రయోగాలతో చూపించాడు. ఈ సంగతి పట్టించుకోని చికిత్సకులు ఒకప్పుడు ఆసుపత్రి గదిలో రోగి ముందు మద్యం గ్లాసు పెట్టి, తాగనివ్వకుండా కూర్చోబెట్టి, కోరిక చల్లారిందని సంతోషించారు. కాంక్లిన్, టిఫనీ అనే పరిశోధకులు 2002లో ఇలాంటి అధ్యయనాలన్నీ పరిశీలించి, ఈ పద్ధతి నిలకడగా పనిచేస్తోందనడానికి ఆధారం లేదని తేల్చారు. ఆసుపత్రిలో చల్లారిన కోరిక వీధిలో మళ్లీ రగులుతుంది. మన డీ-అడిక్షన్ కేంద్రాల్లో చాలావాటి మీద నా ఫిర్యాదు ఇదే. గేటుకు తాళం వేసి నెలల పాటు మనిషిని మందుకు దూరంగా ఉంచుతారు, తర్వాత అదే వైన్ షాపు ఉన్న అదే వీధికి పంపుతారు, పడిపోతే అతన్నే తప్పుపడతారు. గోడల మధ్య గెలిచిన గెలుపు గోడల మధ్యే చెల్లుతుంది.

శాస్త్రవేత్తల్లోనూ అభ్యంతరాలున్నాయి. జేన్ స్టీవర్ట్, ఆమె సహచరులు 1984లో మరో వాదన తెచ్చారు. పాత చోటు ఎప్పుడూ మందుకు ఎదురు చర్యనే రేపదని, కొన్నిసార్లు మందు ఇచ్చే ఉత్సాహపు ఛాయను రేపి ఊరిస్తుందని వారన్నారు. ఇందులో బలముంది, ముఖ్యంగా గంజాయి విషయంలో. కానీ లాగేది లేమి బాధ అయినా ఊరింపు అయినా, మీట నొక్కుతున్నది ఆ చోటు, ఆ వేళ, ఆ తోడు. రెండో అభ్యంతరం సామాన్యులది: "ఇదంతా సాకు, గట్టిగా అనుకుంటే మానలేరా?" గట్టిగా అనుకోవడం అవసరమే. కానీ కోరిక పుట్టే చర్య నిర్ణయం కంటే ముందే, మనిషి అనుమతి అడగకుండా జరుగుతుంది. దానికి సిగ్గుపడటం దగ్గు వచ్చినందుకు సిగ్గుపడటమంత అర్థరహితం. చేతిలో ఉన్నది ఆ తర్వాతి అడుగు. మూడో ప్రశ్న: మద్యం మానేసి గంజాయి ఉంచుకుంటే నష్టమేమిటి? రెండూ కలిపి వాడినవారికి ఒకటి రెండోదానికి పిలుపు అవుతుంది. అమెరికాలో 1,383 మందితో జరిగిన కాంబైన్ అనే మద్యం చికిత్సా ప్రయోగపు వివరాలను తర్వాత విశ్లేషిస్తే, చికిత్స కాలంలో గంజాయి వాడినవారిలో మద్యం ముట్టని రోజులు, వాడనివారి కంటే తక్కువగా ఉన్నాయి.

ఆచరణ మాటకొస్తే కొద్దిగా చెప్పాలి. మొదటి మూడు నెలలు దారి మార్చండి, సాయంత్రం ఆ వేళకు వేరే చోట, వేరే మనుషులతో ఉండండి, ఫోన్‌లో ఆ నంబర్లు తీసేయండి. ఇది పిరికితనం కాదు, ప్రయోగశాల చెప్పిన మాట. కోపం, ఒంటరితనం, జీతం వచ్చిన రోజు కూడా చోటు లాంటివే, వాటికీ ముందే ఏర్పాటు ఉండాలి. కోరిక పైకి లేచి, తాగకపోయినా తనంతట తానే దిగుతుంది. దాన్ని ఒక్కచోట కాక వేర్వేరు చోట్ల, తోడుతో, తాగకుండా దాటడమే కొత్త పాఠం. మద్యం కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, ఎకాంప్రోసేట్ వంటి మందులు డాక్టర్ల దగ్గర ఉన్నాయి. అన్నంలో తెలియకుండా మాత్రలు కలిపి తాగుడు మాన్పించే ప్రయత్నం మాత్రం ఎవరూ చేయవద్దు. అలా కలిపే డైసల్ఫిరామ్ లాంటి మాత్ర ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండెకు ప్రమాదం. ఒకసారి పడిపోయినవారు పాత మోతాదుకు వెళ్లకూడదు, తట్టుకునే శక్తి అప్పటికి తగ్గి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446. మీ ఇంట్లో ఎవరైనా ఇటీవలే మానేసి ఉంటే ఆ నంబరు రాసిపెట్టుకోండి. "ఇంకా ఎందుకు లాగుతోంది?" అని వారిని నిలదీయకండి, "ఎక్కడ, ఏ వేళకు లాగుతోంది?" అని అడగండి. చికిత్స మొదలుకావాల్సింది ఆ జవాబు దగ్గరే.