కంపెనీ లెక్కల్లో మహిళలు ఎక్కడ?

వార్షిక నివేదిక చేతికొస్తే డివిడెండ్ ఎంతో చూసి పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. అందుకే కంపెనీ పైస్థాయిలోని మహిళల గురించీ, కంపెనీకుండే 'కనిపించని ఆస్తుల' గురించీ అపోహలు చలామణీ అవుతుంటాయి.

అపోహ: ప్రమోటర్ భార్యనో కూతురినో బోర్డులో కూర్చోబెడితే సరిపోతుంది.

వాస్తవం: 2013 కంపెనీల చట్టం అడిగింది కనీసం ఒక మహిళా డైరెక్టర్‌నే కాబట్టి, మొదట్లో అలా సరిపోయేది. తర్వాత స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిబంధనను బిగించింది. మార్కెట్ విలువలో తొలి 500 లిస్టెడ్ కంపెనీలు 2019 ఏప్రిల్ నుంచి, తొలి 1000 కంపెనీలు 2020 ఏప్రిల్ నుంచి మహిళా స్వతంత్ర డైరెక్టర్‌ను పెట్టుకోవాల్సిందే. ప్రమోటర్ల బంధువులు ఆ పదవికి పనికిరారు.

అపోహ: మహిళ ఉండాలన్న కంపెనీల చట్టం నిబంధన అన్ని కంపెనీలకూ, మేనేజర్ పోస్టులకూ వర్తిస్తుంది.

వాస్తవం: లిస్టెడ్ కంపెనీలన్నిటికీ వర్తిస్తుంది. లిస్ట్ కాని పబ్లిక్ కంపెనీల్లో చెల్లించిన మూలధనం రూ.100 కోట్లు లేదా టర్నోవర్ రూ.300 కోట్లు, ఆపైన ఉన్నవాటికే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలకు లేదు. మేనేజర్లలో ఇంతమంది మహిళలు ఉండాలని ఈ చట్టంలో ఎక్కడా లేదు.

అపోహ: సమర్థులైన ఉద్యోగుల విలువ బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తిగా కనిపిస్తుంది.

వాస్తవం: కనిపించదు. 'ఇండ్ ఏఎస్ 38' అనే భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం ఆస్తి అనాలంటే అది కంపెనీ అదుపులో ఉండాలి. ఉద్యోగి రేపే రాజీనామా ఇవ్వొచ్చు. రూ.5 లక్షలతో మిషన్ కొంటే ఆస్తి; అదే డబ్బుతో ఒక మహిళా అధికారికి మేనేజ్‌మెంట్ శిక్షణ ఇప్పిస్తే ఆ ఏటి ఖర్చు. సొంతంగా పెంచుకున్న బ్రాండ్‌కూ బ్యాలెన్స్ షీట్‌లో చోటు లేదు. దాన్ని మరో కంపెనీ కొంటే మాత్రం కొన్నవారి పుస్తకాల్లోకి ఎక్కుతుంది.

అపోహ: మనిషి విలువకు అంకె వేస్తే మహిళలకు న్యాయం జరిగినట్టే.

వాస్తవం: ఇన్ఫోసిస్ ఒకప్పుడు లెవ్–ష్వార్ట్జ్ పద్ధతిలో సిబ్బంది విలువ కట్టి, వార్షిక నివేదికలో అదనపు సమాచారంగా ఇచ్చేది. రిటైరయ్యేదాకా రాబోయే జీతాలను నేటి విలువకు తగ్గించి లెక్కకట్టడమే ఆ పద్ధతి. అది కొలిచేది జీతాన్ని, ప్రతిభను కాదు. ఒకే పనికి మహిళకు తక్కువ జీతమిచ్చే చోట, ఆమె 'విలువ' కూడా తక్కువే తేలుతుంది.

అపోహ: కంపెనీలో మహిళల పరిస్థితి బయటివాళ్లకు తెలిసే దారి లేదు.

వాస్తవం: 2022–23 నుంచి తొలి 1000 లిస్టెడ్ కంపెనీలు 'బీఆర్ఎస్ఆర్' (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక ఇవ్వాల్సిందే. బోర్డులో, ఎండీ–సీఎఫ్‌ఓ వంటి కీలక పదవుల్లో మహిళలెందరు, స్త్రీ పురుషుల మధ్యస్థ వేతనాలెంత, ఉద్యోగం మానేసినవారి శాతమెంత, అన్నీ విడివిడిగా ఉంటాయి. ప్రసూతి సెలవు తర్వాత ఎందరు తిరిగొచ్చారు, వచ్చాక ఎందరు నిలిచారు అన్న పట్టిక మరీ ముఖ్యం. తిరిగొచ్చినవారు ఎక్కువై, నిలిచినవారు తక్కువైతే, శిక్షణకు పెట్టిన ఖర్చు గేటు దాటిపోతోందన్నమాట. ఆ నష్టం ఏ బ్యాలెన్స్ షీట్‌లోనూ కనిపించదు కాబట్టి, షేర్లు కొనేముందు ఈ పట్టికా చూడాలి.