గోడ మీద నీడ, తొట్టిలో బొమ్మ

విద్యార్థులారా! వినాయక చవితికి ముందు మీరెప్పుడైనా హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేట్‌కు వెళ్ళారా? అక్కడ వినాయక విగ్రహాలు తయారవుతూ ఉంటాయి. మధ్యాహ్నం పూట ఒక రేకుల షెడ్డులో నిలబడ్డామనుకోండి. పక్కన వెలుగుతున్న బల్బు వల్ల విగ్రహం ఆకారం గోడ మీద నల్లగా పడింది. పైన రేకులో మేకులు దిగిన చిల్లులున్నాయి. వాటి కింద నేల మీద గుండ్రని వెలుగు బిళ్ళలున్నాయి. మూలనున్న నీళ్ళ తొట్టిలో విగ్రహం తలకిందులుగా కనబడుతోంది.

ఈ మూడింటి గురించి ఇంగ్లీషులో తలా ఒక వాక్యం రాయమంటే, మా తరగతిలో చాలామంది మూడు చోట్లా ‘షాడో’ అనే రాశారు. ఒకరైతే వెలుగు బిళ్ళను ‘ద షాడో ఆఫ్ ద సన్’ అన్నారు. వెలుగునిచ్చే సూర్యునికి నీడ ఎక్కడిది? ఇది ఇంగ్లీషు తప్పు మాత్రమే కాదు, భౌతికశాస్త్రంలో తప్పు కూడా. కాబట్టి మాట వెతికే ముందు, వెలుగు ఏ దారిన వచ్చిందో చూద్దాం.

మొదటిది నీడ. విగ్రహం కాంతిని అడ్డగించింది. కాంతి చేరని చోటే నీడ. అందుచేత ‘ది ఐడల్ కాస్ట్స్ ఎ షాడో ఆన్ ద వాల్’ అని రాయాలి. నిన్న జరిగినదైనా ‘కాస్ట్’ అనే అనాలి, ‘కాస్టెడ్’ అనకూడదు.

రెండవది వెలుగు బిళ్ళ. ఇది చిల్లు ఆకారమా? పరీక్షించండి. ఒక అట్టలో చిన్న మూడు మూలల చిల్లు చేసి ఎండలో పట్టుకోండి. నేలకు దగ్గరగా ఉంచితే మూడు మూలల మచ్చ పడుతుంది. అట్టను పైకి ఎత్తుతూ పోతే మూలలు మాసిపోయి మచ్చ గుండ్రనవుతుంది. ఆ గుండ్రదనం సూర్యునిది! సూర్యుడు తన వ్యాసానికి సుమారు 108 రెట్ల దూరంలో ఉన్నాడు. కనుక చిన్న చిల్లు నుంచి కాంతి 3 మీటర్లు నిటారుగా దిగితే, బిళ్ళ వ్యాసం 3 సెంటీమీటర్లకు కాస్త తక్కువగా ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడితే బిళ్ళ కోడిగుడ్డులా సాగుతుంది. చిల్లులోంచి సూర్యుని వైపు మాత్రం ఎన్నడూ చూడకండి, కళ్ళు పోతాయి.

1980 ఫిబ్రవరి 16న తెలుగునేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించారు. గ్రహణం పాక్షికంగా ఉన్న సమయంలో చెట్ల కింది వెలుగు బిళ్ళలన్నీ నెలవంకలవుతాయి. దానిని నీడ అనుకున్నవాడు ఈ మార్పుకు కారణం చెప్పలేడు. సూర్యుని ప్రతిబింబమని తెలిసినవాడు ముందే ఊహించగలడు. కనుక ‘ఏన్ ఇమేజ్ ఆఫ్ ద సన్ ఈజ్ ఫార్మ్‌డ్ ఆన్ ద ఫ్లోర్’ అని రాయండి. సినిమా హాలులోనూ ఇంతే: ‘ద లెన్స్ ప్రొజెక్ట్స్ ఏన్ ఇమేజ్ ఆన్‌టు ద స్క్రీన్’.

మూడవది తొట్టిలోని బొమ్మ. నీటి మీద పడి వెనుదిరిగిన కాంతి మన కంటికి చేరింది. బొమ్మ నీటి అడుగున ఉన్నట్లు తోస్తుంది గాని, అక్కడ కాగితం ఉంచితే దాని మీద ఏమీ పడదు. అందుకే దానిని మిథ్యా ప్రతిబింబం అంటాం. ఇక్కడ ‘ఆన్’ కాదు, ‘ఇన్’ రావాలి: ‘వియ్ సీ ద రిఫ్లెక్షన్ ఆఫ్ ది ఐడల్ ఇన్ ద వాటర్’.

గమనించారా? మన తెలుగులో ఈ తేడా ముందే ఉంది. ‘గోడ మీద’ నీడ అంటాం, ‘అద్దంలో’ ముఖం అంటాం. తెర మీద పట్టగలిగినదానికి ‘మీద’, పట్టలేనిదానికి ‘లో’. ఈసారి రాసేటప్పుడు సందేహం కలిగితే, ఒక తెల్లకాగితం అడ్డుపెట్టి చూడండి. ఏ మాట రాయాలో ఆ కాగితమే చెబుతుంది.